డీ మోర్గాన్ కాగితాలు: చెన్నైలో వెతకాలా, లండన్‌లోనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతున్నారు. మన పాఠాల్లోని డీమోర్గాన్ న్యాయాలకి పేరిచ్చిన, పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ గణితవేత్త అగస్టస్ డీ మోర్గాన్ మీద తెలుగులో ఒక చిన్న పుస్తకం రాయాలని ఉంది. ఆయన మదురైలో పుట్టాడు కాబట్టి కాగితాలు చెన్నై ఆర్కైవ్స్‌లో దొరుకుతాయా? దొరక్కపోతే లండన్‌లో ఏ లైబ్రరీకి వెళ్లాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. చెన్నైకి టికెట్ తీసుకోకండి. లండన్‌కి కూడా ఇప్పుడే వద్దు. ఆయన జీవితమంతా ఒక్కచోట కట్టగట్టి పెట్టిన దస్త్రం ఎక్కడా లేదు. లండన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, డబ్లిన్ ఊళ్లలో ముక్కలు ముక్కలుగా ఉంది. అయితే మీ పుస్తకానికి కావలసిన దాంట్లో చాలా భాగం అచ్చులోనో స్కాన్‌లోనో ఇంట్లో కూర్చుంటే దొరుకుతుంది. అది చదవకుండా వెళితే అక్కడ ఏం అడగాలో కూడా తెలియదు. నాకు జరిగింది అదే.

నేను చరిత్రకారుణ్ణి కాదు. 31 ఏళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి వాళ్లు లండన్‌లో ఉంటారు కాబట్టి ఏటా వేసవిలో అక్కడికి వెళ్తాను. మనవడు స్కూలుకి వెళ్లాక పగలంతా ఖాళీ. అలా మొదలైంది ఈ పిచ్చి. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక లైబ్రరీ కౌంటర్ దగ్గర నిలబడి, "డీ మోర్గాన్ పేపర్స్ ఇవ్వండి" అన్నాను. ఆవిడ ఎంతో మర్యాదగా, "ఎవరికి రాసినవండీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు వృథా అయ్యాక ఆ ప్రశ్న విలువ తెలిసింది. ఉత్తరం రాసినవాడి ఇంట్లో ఉండదు కదా, అందుకున్నవాడి ఇంట్లో ఉంటుంది. డీ మోర్గాన్ ఏమనుకున్నాడో తెలియాలంటే ఆయన స్నేహితుల పెట్టెలు తెరవాలి.

మదురై సంగతి. 1806 జూన్ 27న అక్కడ పుట్టిన మాట నిజం. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. పుట్టిన కొద్ది కాలానికే పిల్లవాడికి ఒక కన్ను పోయింది. ఏడు నెలల పసివాడిగా ఇంగ్లండ్ చేరాడు. కాబట్టి ఇక్కడ ఏమైనా వెతికితే అది తండ్రి సంగతి అవుతుంది గానీ కొడుకు సంగతి కాదు. ఆ తండ్రి సర్వీసు వివరాలకైనా బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులే మేలు. మీకు చెన్నై ఎందుకు తట్టిందో ఊహించగలను. మన సి.పి. బ్రౌన్ సేకరించిన తాళపత్రాలు, రాతప్రతులు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి కదా, ఇదీ అలాగే అనుకుని ఉంటారు. బ్రౌన్ దొర ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడ ఉద్యోగం చేశాడు. ఈయన పాకే వయసులోనే ఓడెక్కేశాడు.

జీవితం క్లుప్తంగా చెబుతాను, కాగితాలు ఎందుకు చెదిరిపోయాయో అందులోనే ఉంది. 1823లో కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో చేరాడు. ఫ్లూట్ బాగా వాయించేవాడు. 1827లో గణితం పరీక్షలో నాలుగో ర్యాంకు. ఆ ర్యాంకుకి కాలేజీలో ఫెలోషిప్ రావాలి. కానీ ఎం.ఏ. పట్టా కావాలంటే ఇంగ్లండ్ చర్చి సిద్ధాంతాలు ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాలి. పెట్టనన్నాడు. పట్టా లేదు, ఫెలోషిప్ లేదు. లా చదవబోయాడు. అంతలో మతంతో పని లేకుండా లండన్‌లో కొత్త యూనివర్సిటీ పెట్టారు, ఇప్పటి యూనివర్సిటీ కాలేజ్ లండన్ అదే. 1828లో, ఇంకా 22 నిండకుండానే, అక్కడ గణితం ప్రొఫెసర్ అయ్యాడు.

అక్కడైనా కుదురుగా ఉన్నాడా అంటే, లేదు. 1831లో అనాటమీ ప్రొఫెసర్‌ని సరైన కారణం చెప్పకుండా తీసేశారని, తనకి ఏ సంబంధమూ లేకపోయినా రాజీనామా ఇచ్చేశాడు. 1836లో ఆయన స్థానంలో వచ్చినాయన నీళ్లలో మునిగి చనిపోతే మళ్లీ పిలిచారు, వెళ్లాడు. ముప్పై ఏళ్లు చెప్పాక, 1866లో, జేమ్స్ మార్టినో అనే పండితుణ్ణి యూనిటేరియన్ (త్రిత్వాన్ని ఒప్పుకోని క్రైస్తవ శాఖ) మతబోధకుడన్న కారణంతో ఒక పదవికి తీసుకోలేదని రెండోసారి రాజీనామా. మతం చూడబోమని చెప్పి మతం చూశారు, ఇక నాకిక్కడ పని లేదు అన్నది ఆయన వాదన. మరుసటి ఏడాది కొడుకు జార్జ్ పోయాడు. 1870లో ఒక కూతురు కూడా పోయింది. 1871 మార్చి 18న ఆయనా పోయాడు.

ఇలా మధ్యలో తెంచుకుని వెళ్లినవాడి కాగితాలు ఏ సంస్థ జాగ్రత్త చేస్తుంది? రాయల్ సొసైటీలో సభ్యత్వానికి కూడా ఆయన పేరు ఇవ్వనివ్వలేదు. ఎడిన్‌బరో గౌరవ డాక్టరేట్ ఇస్తానంటే వద్దన్నాడు. తమాషా ఏమిటంటే, ఆ రాయల్ సొసైటీలోనే ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కాగితాల్లో ఈయన ఉత్తరాలు బోలెడున్నాయి.

ఇక ఎవరి పెట్టెలో ఏముందో. ఐర్లండ్ గణితవేత్త హామిల్టన్‌కి రాసినవి డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో. కేంబ్రిడ్జ్ పండితుడు హ్యూవెల్‌కి రాసినవి కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీ రెన్ లైబ్రరీలో. లెక్కల యంత్రాలు రూపొందించిన బాబేజ్‌కి రాసినవి బ్రిటిష్ లైబ్రరీలో. కవి బైరన్ కూతురు ఏడా లవ్‌లేస్‌తో నడిచినవి ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్‌లో. తర్కాన్ని బీజగణితంగా మార్చిన జార్జ్ బూల్‌తో నడిచినవి యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో, అవి 1982లో పుస్తకంగా కూడా వచ్చాయి. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి రెండు విడతలు కార్యదర్శిగా చేశాడు కాబట్టి వాళ్ల దగ్గరా కొన్ని. సొంత పుస్తకాలు లండన్ సెనేట్ హౌస్ లైబ్రరీలో. అన్నీ చూడక్కర్లేదు. మీ పుస్తకానికి నా లెక్కలో రెండు ఉత్తరాల కట్టలు, ఒక ముందుమాట, ఒక బీరువా చాలు.

మొదటి కట్ట ఏడా లవ్‌లేస్‌ది. 1840, 41 సంవత్సరాల్లో ఆమె డీ మోర్గాన్ దగ్గర పోస్టులో కలన గణితం నేర్చుకుంది. ఇప్పటి భాషలో కరస్పాండెన్స్ కోర్సు. ఈ ఉత్తరాల స్కాన్లు క్లే మ్యాథమెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నెట్‌లో ఉచితంగా పెట్టారు. రేపు పొద్దున్నే తెరిచి చూడండి. పాఠం చెప్పేవాళ్లకి ఇంతకంటే మంచి వస్తువు లేదు. ఎక్కడ ఆగిపోయిందో విద్యార్థి రాస్తుంది, ఎందుకు ఆగిపోయిందో మాస్టారు రాస్తాడు. ఒకచోట ఆమె అంటుంది కదా, ఈ సూత్రాలు ఒక రూపంలో పక్కనే నిలబడి, మరుక్షణం గుర్తుపట్టలేని ఇంకో రూపం ఎత్తే కథల్లోని మాయ పిల్లల్లా ఉన్నాయని. 31 ఏళ్లలో నా క్లాసులో త్రికోణమితి సమాసాలు చూసి దిక్కులు చూసిన ప్రతి పిల్లవాడి బాధా అదే. ఇంత అందంగా మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ కట్టతో ఒక జాగ్రత్త. ఉత్తరాలు ఆర్కైవ్‌లో ఉన్న వరుసే రాసిన వరుస అనుకోకండి. చాలాకాలం అలా అనుకునే, ఏడాకి లెక్కలు రావని కొందరు తీర్పు చెప్పేశారు. 2017లో గణిత చరిత్రకారులు లోపలి లెక్కల ఆధారంగా వరుస సరిచేస్తే, ఆ తీర్పు నిలబడలేదు. మొదట్లో చేసిన తప్పు చివర్లో చేసినట్టు కనిపిస్తే ఏ విద్యార్థి అయినా మొద్దులాగే కనిపిస్తుంది మరి. ఇంకో సంగతి, 1844లో డీ మోర్గాన్ ఏడా తల్లికి ఒక ఉత్తరం రాశాడు. ఏడా ప్రతిభని గట్టిగా మెచ్చుకుంటూనే, ఇంత మేధాశ్రమ ఆడవాళ్ల శరీరం తట్టుకోలేదేమో అన్నాడు. ఆ మాట దాచకండి, మీ పుస్తకంలో పెట్టండి. న్యాయం కోసం రెండుసార్లు ఉద్యోగం వదులుకున్న మనిషికి ఆడపిల్లల విషయంలో తన కాలం కళ్లద్దాలే ఉన్నాయి.

రెండో కట్ట హామిల్టన్‌ది. ఇందులో చాలా భాగం, గ్రేవ్స్ రాసిన హామిల్టన్ జీవితచరిత్ర మూడో సంపుటంలో అచ్చయి ఉంది, డబ్లిన్ దాకా వెళ్లనక్కర్లేదు. 1852 అక్టోబర్ 23 తేదీ ఉత్తరం పట్టుకోండి. ఇవాళ నా విద్యార్థి ఒకడు ఒక ప్రశ్న అడిగాడు, నిజమో కాదో నాకే తెలియలేదు, అని మొదలుపెడతాడు. ఏ పటాన్నయినా, పక్క పక్క భాగాలకి ఒకే రంగు పడకుండా నింపాలంటే నాలుగు రంగులు చాలునా? ఆ విద్యార్థి ఫ్రెడరిక్ గుత్రీ. అసలు ప్రశ్న అతని అన్న ఫ్రాన్సిస్‌ది, ఇంగ్లండ్ కౌంటీల పటానికి రంగులు వేస్తుండగా వచ్చింది. హామిల్టన్ మూడు రోజుల్లో జవాబు రాశాడు: మీ రంగుల చతుష్టయం జోలికి నేనిప్పట్లో రాను, అని. హామిల్టన్ కనిపెట్టిన నాలుగు అంగాల సంఖ్యల పేరు (క్వాటర్నియన్, అంటే చతుష్టయం) మీదే ఆ చమత్కారం. పెద్దాయన తోసిపుచ్చిన ఆ లెక్క 1976 దాకా తేలలేదు, తేల్చడానికి కంప్యూటర్ కావాల్సి వచ్చింది.

దీన్ని క్లాసులో చెప్పాలంటే మన జిల్లాల పటం ఒకటి జిరాక్స్ తీసి పిల్లలకిచ్చి నాలుగు స్కెచ్ పెన్నులు ఇవ్వండి. ప్రభుత్వాలు ఎన్నిసార్లు జిల్లాలు విడగొట్టినా ఐదో పెన్ను అక్కర్లేదు.

ఆ ఉత్తరంలో నాకు నచ్చింది లెక్క కాదు. "నాకే తెలియలేదు" అన్న మాట. 46 ఏళ్ల ప్రొఫెసర్, అప్పటికి పాతికేళ్లుగా పేరున్నవాడు, కుర్రాడు అడిగినదానికి జవాబు తెలియలేదని అదే రోజు స్నేహితుడికి రాశాడు. పరీక్షల కోసం బట్టీ పెట్టించడం ఆయనకి అసలు గిట్టేది కాదు. మన కార్పొరేట్ కాలేజీల్లో ఒక నెల కూడా నిలబడేవాడు కాదు లెండి, మూడో రాజీనామా అక్కడే ఇచ్చేవాడు.

ముందుమాట అన్నాను కదా, అది ఇండియాతో అసలైన బంధం. మదురై కన్నా ఇదే ముఖ్యం. ఢిల్లీ కాలేజీలో లెక్కలు చెప్పే రామచంద్ర అనే మాస్టారు, కలన గణితం వాడకుండా గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుక్కునే పద్ధతి మీద 1850లో కలకత్తాలో ఒక పుస్తకం అచ్చు వేసుకున్నాడు. అక్కడ పెద్దగా ఆదరణ రాలేదు, పైగా విమర్శలు. ఒక ప్రతి లండన్‌లో డీ మోర్గాన్‌కి చేరింది. ఆయన చదివి, ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ల వెంటపడి, 1859లో లండన్‌లో మళ్లీ అచ్చు వేయించి, పొడుగాటి ముందుమాట రాశాడు. పద్ధతి మచ్చుకి ఇలా ఉంటుంది (ఉదాహరణ నాది). 10ని రెండు భాగాలు చేసి గుణిస్తే లబ్ధం ఎంత పెద్దది రావచ్చు? ఒక భాగం క్ష అనుకుంటే, రెండోది 10 − క్ష. లబ్ధం ల అనుకుని వర్గ సమీకరణం సాధిస్తే, క్ష = 5 ± √(25 − ల). వర్గమూలం లోపల రుణ సంఖ్య రాకూడదు కాబట్టి ల 25 దాటదు. అంతే, అవకలనం అక్కర్లేదు. మన పదో తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది. భాస్కరుడి బీజగణితం పుట్టిన దేశంలో పిల్లలకి ఆ దారినే పైకి తీసుకెళ్లాలి అన్నది డీ మోర్గాన్ ఆశ. ఆయన అభిప్రాయాలన్నీ మీకు నచ్చకపోవచ్చు. గ్రీకుల జ్యామితితో పోల్చి మనవాళ్ల గురించి అన్న మాటల్లో దొరతనం కొంత వినిపిస్తుంది. అయినా ఎవరో తెలియని ఒక మాస్టారి పుస్తకం కోసం అంత శ్రమపడ్డవాళ్లు ఆ రోజుల్లో ఎందరున్నారు?

ఇక బీరువా. డీ మోర్గాన్‌కి జీతం తక్కువ, ఏడుగురు పిల్లలు, పుస్తకాల పిచ్చి ఎక్కువ. పాత పుస్తకాల షాపుల్లో ఏరి ఏరి కొన్నాడు. 1847లో పాత అంకగణితం పుస్తకాల జాబితా ఒకటి వేశాడు, పుస్తకాన్ని కళ్లతో చూసి మరీ రాసిన వివరాలతో. ఆయన పోయాక ఆ పుస్తకాలు, దాదాపు 4,000, లార్డ్ ఓవర్‌స్టోన్ అనే బ్యాంకరు కొని లండన్ యూనివర్సిటీకి ఇచ్చాడు. సెనేట్ హౌస్‌లో ఉన్నది అదే. ఆయన అసలు డైరీ ఆ పుస్తకాల అంచులే అని నా అభిప్రాయం. అట్ట లోపల, అంచుల్లో, ఖాళీ పేజీల్లో ఆయన రాసుకున్న మాటలుంటాయి. సంబంధం ఉన్న ఉత్తరమో, పేపర్ కటింగో మధ్యలో అంటించి ఉంటుంది. మా నాన్నగారు పంచాంగం అంచుల్లో పాల లెక్క, బియ్యం లెక్క రాసుకునేవారు. ఆ పంచాంగాలు తిరగేస్తే మా ఇంటి చరిత్ర తెలిసేది. ఇదీ అలాంటిదే. మీరు లండన్ వెళ్లాల్సి వస్తే, దీనికోసమే వెళ్లండి. అచ్చులో దొరకనిది ఇదొక్కటే.

ఇప్పుడు చదవడం గురించి. మొదట తెరవాల్సింది ఆయన భార్య సోఫియా 1882లో వేసిన జీవితచరిత్ర. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. స్కూల్లో ఒక మొండి కుర్రాడు చూపు లేని వైపు నుంచి వచ్చి, చెంప దగ్గర చాకు మొన పెట్టి పేరు పిలిచేవాడట, తిరిగితే గుచ్చుకోవాలని. ఒకరోజు వాడు దొరికిపోయి తన్నులు తిన్నాడు. ఇలాంటివి అక్కడే దొరుకుతాయి. కానీ భార్య రాసిన పుస్తకం అని మరిచిపోకండి. ఏ ఉత్తరం వేయాలో, ఏది పక్కన పెట్టాలో ఆవిడే ఎంచుకుంది. ఆవిడ తండ్రి విలియం ఫ్రెండ్ కూడా ఆసక్తికరమైన మనిషి. రుణ సంఖ్యలనేవి లేనే లేవని పుస్తకం రాసినవాడు! బీజగణితానికి తర్కం పునాది వేయబోయిన అల్లుడికి అలాంటి మామగారు.

మీరు తప్పకుండా పడబోయే గుంట ఒకటుంది. డీమోర్గాన్ న్యాయాలని మనం బోర్డు మీద రాసే తీరులో, సమ్మేళనం, ఛేదనం గుర్తులతో, ఆయన కాగితాల్లో వెతకకండి. ఆ గుర్తులు తర్వాతి తరం వాళ్లవి. ఆయన దాన్ని మాటల్లో చెప్పాడు, తర్కం మీద రాసిన వ్యాసాల్లో. ఆ సంగతి మధ్యయుగపు తర్కపండితులకీ తెలుసు, పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లండ్ పండితుడు ఒకామ్ రాతల్లో ఉంది. కాబట్టి "కనిపెట్టాడు" అని రాసేముందు ఆలోచించండి. ఇంకొకటి, ఏటా సగం క్లాసు డీమోర్గాన్‌ని, సంకీర్ణ సంఖ్యల పాఠంలో వచ్చే డిమోయర్‌ని ఒకే మనిషి అనుకుంటుంది. మొదటి పేజీలోనే విడదీసి చెప్పండి. డిమోయర్ వందేళ్లకు పైగా ముందువాడు, ఫ్రాన్స్ నుంచి వచ్చినవాడు.

లైబ్రరీ పద్ధతులు నాలుగు ముక్కల్లో. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. కార్డు చేయించుకోవడానికి పాస్‌పోర్టుతో పాటు ఇంటి అడ్రసు రుజువు అడుగుతారు, ఇక్కడి బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు పట్టుకెళ్లండి. వారం ముందే ఈమెయిల్ రాసి, ఏ కట్టలో ఏ ఉత్తరం కావాలో చెప్పండి. 2023 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగాక బ్రిటిష్ లైబ్రరీ కేటలాగు చాలాకాలం ఇబ్బంది పెట్టింది, అందుకని ఏదున్నదీ ముందే అడిగి కన్ఫర్మ్ చేసుకోండి. కేటలాగులో పేరు "డీ" కింద దొరక్కపోతే "మోర్గాన్" కింద కూడా చూడండి. ఫొటో తీసే ప్రతిసారీ కాగితం మీది ఫోలియో నంబరు (కట్టలో ఆ ఆకు వరుస సంఖ్య) కూడా ఫ్రేములో రావాలి. ఈ చివరిది నేను అనుభవం మీద చెబుతున్నాను. ఒక ఏడాది రెండు వందల పైచిలుకు ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చి చూస్తే, ఏది ఏ ఉత్తరం రెండో పేజీయో తెలియలేదు. మనవడు పేకముక్కల్లా పేర్చి ఇచ్చాడు గానీ, మరుసటి వేసవిలో మళ్లీ వెళ్లి అన్నీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

పిల్లల కోసం పుస్తకంలో ఒక పేజీ వదలండి. తన వయసు గురించి ఆయన వేసిన పొడుపు లెక్క ఉంది: ఒక సంఖ్య వర్గం ఏ సంవత్సరమో, ఆ సంవత్సరంలో నా వయసు ఆ సంఖ్య. 43 వర్గం 1849. 1806లో పుట్టినవాడికి 1849లో 43. మనలో 1980లో పుట్టినవాళ్లకి 2025లో ఆ యోగం పట్టింది, 45 వర్గం 2025. మా అమ్మాయి ఆ బ్యాచే, కేకు మీద 45 అని కాకుండా √2025 అని రాయించాను.

ముందు సోఫియా పుస్తకం చదవండి. చదువుతూ, ఆయన ఎవరెవరికి ఉత్తరాలు రాశాడో ఆ పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ జాబితా ఇక్కడ పెడితే, ఏ పేరు ఏ ఊళ్లో ఏ లైబ్రరీలో ఉందో నాకు తెలిసినవి ఎదురుగా రాసిస్తాను. వచ్చే మే నెలలో నేను లండన్‌లో ఉంటాను. సెనేట్ హౌస్‌లో ఏ పుస్తకం అంచులు చూడాలో చెబితే ఒకటి రెండు ఫొటోలు తీసి పంపగలను, ఈసారి ఫోలియో నంబర్లతో.